రోగం కాని దానికి మందు రాయకండి: విశాఖ మానసిక వైద్యులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం నగరంలోని మానసిక వైద్యులకు, సైకాలజిస్టులకు, కౌన్సెలర్లకు

నమస్కారం.

స్వలింగ ఆకర్షణను జబ్బుగా చూసి మందులు రాయడం ఆపమని కొన్ని కుటుంబాల వాళ్లం కలిసి మీ వృత్తి పెద్దలకూ, సంబంధిత అధికారులకూ స్పీడ్ పోస్టులో అర్జీలు పంపాం. అవి అందినట్టు మా ఫోన్లకు మెసేజ్‌లు వచ్చాయి. జవాబు మాత్రం ఎవరి దగ్గర్నుంచీ రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఒకాయన, "ఇలాంటివి కాగితం మీద పెట్టకండమ్మా, రేపు మీ ఇంటికే ఇబ్బంది" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. కానీ ఎవరూ కాగితం మీద పెట్టకపోవడం వల్లే ఇది ఇన్నేళ్లుగా సాగుతోంది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నేను ఒక గే యువకుడికి అక్కని. నా పేరు గానీ, మా పేట పేరు గానీ ఇక్కడ రాయను. నా పేరు రాస్తే వాడి పేరు రాసినట్టే. వాడి సంగతి ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే వాళ్లకు తెలియదు. అద్దె ఇంటి ఓనరుకు తెలియదు. మా పెద్దనాన్న వాళ్లకూ తెలియదు. తెలిస్తే ఏది ముందు పోతుందో, ఏది తర్వాత పోతుందో వాడు ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. గాజువాక నుంచి మధురవాడ దాకా ఈ ఊళ్లో ఇలా దాచుకుని బతుకుతున్న మగపిల్లలు, ఆడపిల్లలు ఎంతమందో ఉన్నారు. వాళ్లు నోరు తెరిస్తే దొరికిపోతారు. కాబట్టి వాళ్ల గురించి తెలిసి, వాళ్లను ప్రేమించే మాలాంటి వాళ్లమే మాట్లాడాలి.

పోలీసులకు కాకుండా, నాయకులకు కాకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, మా ఇళ్లలో సుప్రీంకోర్టు తీర్పు చూపించినా నమ్మరు, డాక్టరు గారు చెబితే నమ్ముతారు. "మీ అబ్బాయికి ఏ జబ్బూ లేదు" అన్న ఒక్క మాట మీ నోటి నుంచి వస్తే ఆ ఇంట్లో వాతావరణమే మారిపోతుంది. అదే నోటితో "మార్చేద్దాం లెండి" అంటే, ఆ పిల్లాడికి ఇంట్లో మిగిలిన చివరి తలుపు కూడా మూసుకుపోతుంది. మీ మాటకు అంత బలం ఉందని మీకు గుర్తు చేయడానికే ఈ లేఖ.

ఇక్కడ చెప్పబోయే సంగతులు మీకు తెలియనివి కావు. అయినా మీ దగ్గరికొచ్చే తల్లిదండ్రులు కూడా చదువుతారని రాస్తున్నాను.

అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి 1973లోనే తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన దేశంలో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా దీన్ని జబ్బుగా చూడొద్దని 2018లో చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసే వయోజనులకు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 వర్తించదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా, ఇన్ని శతాబ్దాల అవమానానికి ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని రాశారు. కుటుంబాలకు కూడా అని రాశారు చూడండి, ఆ మాట నేను మా అమ్మకు చదివి వినిపించాను.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. సమాజంలో ఉన్న నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉన్నంత మాత్రాన ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని ఆ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతోంది. లైంగికత కారణంగా వైద్యంలో వివక్ష చూపకూడదని 18వ సెక్షన్‌లో ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్‌లో ఉంది.

2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు గురించి మీకు ప్రత్యేకంగా గుర్తు చేయాలి. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు అది. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయంలో తన అవగాహన చాలదని తీర్పులోనే రాసుకుని, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాతే ఉత్తర్వు ఇచ్చారు. వైద్యం పేరుతో లైంగికతను మార్చే ప్రయత్నాలను నిషేధించాలన్నారు. అంటే ఒక హైకోర్టు న్యాయమూర్తికి పాఠం చెప్పింది మీ వృత్తిలోని మనిషే. ఆ కేసు కొనసాగింపులోనే 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్, కన్వర్షన్ థెరపీ, అంటే లైంగికతను మార్చే చికిత్స, చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసింది. 2024లో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా దీన్ని ఆపమని రాష్ట్రాలకు లేఖలు పంపింది.

ఇంత స్పష్టంగా ఉన్న తర్వాత మన ఊళ్లో ఏం జరుగుతోందో చెప్తాను.

మా తమ్ముడి ఫోన్లో మెసేజ్‌లు నాన్న కంట పడ్డాయి. ఆ వారంలోనే నగరంలోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. ఏ క్లినిక్కో రాయను. ఒక్క డాక్టరు గారి మీద కోపం తీర్చుకోవడం నా ఉద్దేశం కాదు, మా అర్జీ మీద సంతకాలు పెట్టిన మిగతా కుటుంబాల వాళ్లు వేరే వేరే చోట్లకు వెళ్లి ఇంచుమించు ఇదే విన్నారు. లోపలికి వెళ్లాక డాక్టరు గారు వాడిని ఒకే ప్రశ్న అడిగారు, "ఎప్పటి నుంచి?" అని. తర్వాత బయట కూర్చోమన్నారు. చీటీ మీద పేరు వాడిది, మాట్లాడింది నాన్నతో. ఆ తలుపు సరిగ్గా మూసుకోదు. టోకెన్లు పట్టుకుని కూర్చున్న జనం మధ్య మా తమ్ముడు తల వంచుకుని, తన గురించి లోపల చెప్పుకుంటున్న మాటలు వింటున్నాడు. "టెన్షన్ పడకండి సార్, ఈ వయసులో కొంతమందికి ఉంటుంది. పెళ్లి చేస్తే సెట్ అయిపోతాడు."

పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర రాశారు. హార్మోన్ పరీక్ష రాశారు. పది సిట్టింగ్‌లు కౌన్సెలింగ్ అన్నారు. కౌన్సెలింగ్‌లో వాడి ఎడమ చేతికి రబ్బరు బ్యాండు వేసి, మగవాళ్ల మీదకు ఆలోచన పోయినప్పుడల్లా లాగి వదలమన్నారు. వాడు బుద్ధిమంతుడు, చెప్పినట్టే చేశాడు. మణికట్టు మీద చర్మం కమిలిపోయి గీత పడితే ఆఫీసులో కనిపించకుండా వాచీ అటు మార్చుకున్నాడు. మాత్రలకు పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోయేది, మాట తడబడేది. ఒకరోజు సిరిపురం దగ్గర కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కకు ఆపి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. హార్మోన్ పరీక్షలో అన్నీ నార్మల్ అని వచ్చింది. "నార్మలయితే మరి మందులు దేనికి?" అని నాన్న అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన వాళ్లు లేరు.

మా ఇంటి కథ ఇంతటితో ఆపుతాను. ఈ పద్ధతి వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది:

1. నిజంగా జబ్బు చేసినప్పుడు వాళ్లు మీ దగ్గరికి రారు. ఇరవై నాలుగు గంటలూ నటిస్తూ బతికే మనిషికి దిగులు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ రావడం వింతేమీ కాదు. వాటికి మీ దగ్గర మంచి వైద్యం ఉంది. కానీ ఒకసారి మీ గదిలో అవమానపడిన వాడు మళ్లీ ఆ మెట్లెక్కడు. నోరు తెరిస్తే "అసలు కారణం అదే" అంటారని దిగులును కూడా దాచుకుంటాడు. ఇంట్లో దాచి, ఆఫీసులో దాచి, చివరికి డాక్టరు దగ్గర కూడా దాచాల్సి వస్తే ఆ మనిషి ఇంకెక్కడ ఊపిరి తీసుకోవాలి?

2. గుట్టు బయటపడుతుంది. విశాఖ ఎంత పెరిగినా మనుషుల మధ్య చుట్టరికాలు చిక్కగా ఉన్న ఊరు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి మన వీధి వాళ్లకు తెలిసినమ్మాయే అవుతుంది. మందుల షాపు అబ్బాయి తమ్ముడి క్లాస్‌మేటే అవుతాడు. పాతికేళ్లు నిండి ఉద్యోగం చేసుకుంటున్న మనిషి మీకు చెప్పుకున్న మాట, అతని అనుమతి లేకుండా తండ్రికి చేరుతోంది, తండ్రి నుంచి బాబాయికి, బాబాయి నుంచి పెళ్లిళ్ల పేరయ్యకు. ఒక కుర్రాడు, అతను నాకు తెలుసు, ఇలా బయటపడ్డాక అద్దె గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఓనరు కారణం చెప్పలేదు, అడ్వాన్స్ తిరిగి చేతిలో పెట్టారు, అంతే.

3. పెళ్లి. అన్నిటికంటే ఎక్కువ నష్టం దీని వల్లే, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ దీని గురించే. "పెళ్లి చేయండి" అని మీరు రాసే మందు ఇంకొక మనిషి. ఆమెది ఏ ఆమదాలవలస పక్క ఊరో, ఏ బొబ్బిలి పక్క పల్లెటూరో. డిగ్రీ చదివి ఉంటుంది. వాళ్ల నాన్న ఉన్న కాస్త పొలం అమ్మి కట్నం ఇస్తాడు. వైజాగ్ సంబంధం, మంచి ఉద్యోగం అని ఊరంతా సంతోషిస్తుంది. కొత్త కాపురంలో భర్త ఎందుకు దూరం దూరంగా ఉంటున్నాడో ఆమెకు ఎవరూ చెప్పరు. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. ఏడాది తిరగకముందే "విశేషమేమీ లేదా" అని అత్తగారు మొదలుపెడుతుంది. పరీక్షలకు ఆమెనే తిప్పుతారు, వ్రతాలు ఆమె చేతే చేయిస్తారు. కుర్రాడు మాత్రం సుఖంగా ఉంటాడా? ఆమెను మోసం చేశానని లోపల కుమిలిపోతాడు. చివరికి విషయం బయటపడి పంచాయతీ పెట్టే రోజున ఆ సలహా ఇచ్చిన డాక్టరు గారు ఆ గదిలో ఉండరు. అటువాళ్లూ ఇటువాళ్లూ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉంటారు. డాక్టరు గారూ, ఆ అమ్మాయి మీ పేషెంటు కాదు, మీ గదిలోకి రాలేదు, మీ మందు చీటీ చూడలేదు. ఆమె జీవితాన్ని మరొకరి చికిత్సకు వాడుకునే హక్కు మీకు ఏ పుస్తకం ఇచ్చింది?

ఇక ఆడపిల్లని ఇష్టపడే ఆడపిల్ల సంగతి. మగపిల్లాడికి కనీసం ఉద్యోగం పేరు చెప్పి హైదరాబాదో, బెంగళూరో వెళ్లిపోయే దారి ఉంది. ఆ అమ్మాయికి అదీ ఉండదు. ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, ముహూర్తం పెట్టేస్తారు. మన పక్కనే ఉన్న నర్సీపట్నంలో తండ్రి ఇంట్లో నిర్బంధంలో ఉన్న ఒక యువతి కోసం ఆమె తోడు కోరుకున్న మరో యువతి విజయవాడ నుంచి హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆమె మేజర్ కాబట్టి తనకు నచ్చిన వాళ్లతో ఉండవచ్చనీ, తల్లిదండ్రులు అడ్డు రాకూడదనీ చెప్పింది. కోర్టు దాకా వెళ్లగలిగిన వాళ్ల సంగతి కాబట్టి అది మనకు తెలిసింది.

4. బలవంతంగా చేర్పించడం. "కొన్నాళ్లు అడ్మిట్ చేస్తే దారికొస్తాడు" అని కుటుంబాలు అడుగుతున్నాయి, కొన్ని చోట్ల ఒప్పుకుంటున్నారు. తాగుడు మాన్పించే సెంటర్లలో పెట్టిన సందర్భాలు కూడా మా దృష్టికి వచ్చాయి. రోగి సమ్మతి లేకుండా చేర్చుకోవడానికి 2017 చట్టం 89వ సెక్షన్‌లో ఎంత కట్టుదిట్టమైన షరతులు ఉన్నాయో మీకు తెలుసు. తీవ్రమైన మానసిక జబ్బు ఉండాలి, ఇద్దరు నిపుణులు ఎవరికి వారు విడిగా పరీక్షించాలి. గే కావడం ఆ షరతుల్లో ఎక్కడా ఇమడదు.

5. డబ్బు, కాలం. వైద్యానికి మొత్తం ఉత్తరాంధ్ర విశాఖకే వస్తుంది. అటు కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా రాత్రి రైలెక్కి వస్తారు. ఫీజు, పరీక్షలు, సిట్టింగ్‌లు, లాడ్జి ఖర్చు, పోయిన కూలి రోజులు. ఇంత పెట్టినా పిల్లాడు మారకపోతే మందు తప్పని ఆ తండ్రి అనుకోడు, జబ్బు మొండిదని అనుకుంటాడు. అక్కడి నుంచి భూతవైద్యుడి దగ్గరికి, అంత్రాలు కట్టేవాడి దగ్గరికి నడుస్తాడు. మూఢనమ్మకం అని మీరు చిన్నచూపు చూసే చోటికి అతన్ని సాగనంపింది మీ చీటీయే.

6. ప్రాణాలు. దీని గురించి నేను ఎక్కువ రాయలేను. మా అర్జీ మీద సంతకం పెట్టిన ఒక తల్లికి ఇప్పుడు కొడుకు లేడు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. "మేమేం పిలవలేదమ్మా, తల్లిదండ్రులే తీసుకొచ్చి మార్చమని కాళ్లావేళ్లా పడుతున్నారు." నిజమే, పడతారు. మా నాన్న కూడా పడ్డారు. కానీ కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పమని కూడా కుటుంబాలు కాళ్లావేళ్లా పడ్డాయి కదా. 1994లో చట్టం వచ్చింది. ఇవాళ ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అని తెలుగులో బోర్డు ఉంటుంది. అడగడానికి వచ్చినవాడు ఆ బోర్డు చూసి సగం అక్కడే ఆగిపోతాడు. డాక్టరుకు కూడా కాదనడం తేలిక అవుతుంది. మీకూ అలాంటి బోర్డు ఉండాలి.

"దాచుకుని బతికితే పోలా" అని కూడా కొందరు అంటారు. దాచుకోవడం అంత తేలికయితే ఈ లేఖ అవసరం ఉండేది కాదు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో జంటలు భుజాలు ఆనించుకుని కూర్చుంటాయి. మా తమ్ముడూ, అతని స్నేహితుడూ మధ్యలో హెల్మెట్లు పెట్టుకుని కూర్చుంటారు, ఎవరైనా తెలిసినవాళ్లు వస్తే ఇద్దరు కొలీగ్స్‌లా కనిపించాలని. ఫోన్‌లో అతని నంబరు ఒక ప్లంబర్ పేరుతో ఉంటుంది. అతనికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉంటే, మా తమ్ముడు విజిటింగ్ టైమ్‌లో పళ్లు తీసుకుని ఆఫీసు వాళ్లందరితో కలిసి వెళ్లి, వాళ్లందరితో కలిసే బయటికి వచ్చేశాడు. పది నిమిషాలు ఎక్కువ కూర్చోవడానికి కూడా కారణం చెప్పుకోలేకపోయాడు.

అలాగని "ధైర్యం చేసి ఇంట్లో చెప్పేయ్" అని మీరు తొందర పెట్టకూడదు కూడా. కొందరు డాక్టర్లు మంచి మనసుతోనే అలా అంటున్నారు. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆ మనిషే తేల్చుకోవాలి. చెప్పిన రాత్రి ఇంట్లోంచి గెంటేస్తే వెళ్లడానికి ఇంకో ఇల్లు ఉందో లేదో అతనికే తెలుసు.

మీలో మంచివాళ్లు ఉన్నారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం చేసినదాన్ని అవుతాను. మాలో ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వెళ్తే, ఒక డాక్టరు గారు ముందు ఆ అబ్బాయితో ఒక్కడితోనే మాట్లాడారు. అతని అనుమతి తీసుకుని తల్లిని పిలిచి, "అమ్మా, బాబుకి జబ్బు లేదు. మీకు భయంగా ఉంది. ఆ భయం సంగతి మనం మాట్లాడుకుందాం, మీరు వచ్చే వారం ఒక్కరే రండి" అన్నారట. మందు రాయలేదు. ఆమె దారిలో ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గర దిగి, వాడికి ఇష్టమని ఆనపకాయ కొని, సంచీ వాడి చేతికిచ్చి ఇంటికి నడిపించుకెళ్లింది. చాలా వారాల తర్వాత ఆ తల్లి కొడుకు కోసం కూర వండిందని ఆ అబ్బాయి చెప్పాడు. ఈ పని మీరందరూ చేయగలరు.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. మీ క్లినిక్, ఆసుపత్రి, కౌన్సెలింగ్ సెంటర్ రిసెప్షన్‌లో అందరికీ కనిపించేలా తెలుగులో ఒక బోర్డు పెట్టండి. "స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు. దాన్ని మార్చే చికిత్స ఇక్కడ చేయబడదు. మీరు చెప్పిన విషయాలు మీ అనుమతి లేకుండా కుటుంబ సభ్యులకు కూడా చెప్పబడవు." ఈ మూడు వాక్యాలు చాలు. లోపలికి వచ్చే పిల్లాడికి కాళ్ల వణుకు తగ్గుతుంది, తండ్రికి అడగాల్సిన ప్రశ్న మారుతుంది.

2. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషితో ముందు విడిగా మాట్లాడండి. తలుపు వేసి మాట్లాడండి.

3. పెళ్లిని మందుగా రాయడం ఇవాళే ఆపండి.

4. జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పిన మాటను పాటిస్తామని నగరంలోని మీ వృత్తి సంఘాలు బహిరంగంగా ప్రకటించాలి. పాటించని వారి మీద ఫిర్యాదు వస్తే, ఫిర్యాదుదారు పేరు బయటపడకుండా విచారణ జరిగే ఏర్పాటు రాష్ట్ర వైద్య మండలి చేయాలి. పేరు బయటపెడితే తప్ప ఫిర్యాదు తీసుకోం అంటే, దాచుకుని బతికే వాళ్లకు ఫిర్యాదు హక్కు లేదన్నట్టే. తన వైద్య రికార్డు అడిగిన రోగికి 2017 చట్టం 25వ సెక్షన్ ప్రకారం కాపీ ఇవ్వాలి. మా తమ్ముడు అడిగితే "అవన్నీ మేం ఇవ్వం" అన్నారు.

5. చికిత్స అవసరమైంది తల్లిదండ్రుల భయానికి. దాని కోసం సమయం కేటాయించండి. నాలుగు పేజీల తెలుగు కరపత్రం ఒకటి మీరే రాసి అచ్చు వేయించండి, ఖర్చు మేం భరిస్తాం. టీవీ ఆరోగ్య కార్యక్రమాల్లో, పత్రికల సలహాల శీర్షికల్లో మీకు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఒక్కరు సరిగ్గా జవాబు చెబితే ఇచ్ఛాపురం దాకా వింటారు.

6. జిల్లా అధికారులకు: ఏ రిజిస్ట్రేషనూ లేకుండా కౌన్సెలింగ్, డీ-అడిక్షన్ పేరుతో నడుస్తున్న సెంటర్లను తనిఖీ చేయండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బందికీ, కాలేజీ కౌన్సెలర్లకూ, మహిళా పోలీసులకూ ఈ విషయం మీద శిక్షణ ఇప్పించండి. ఇలాంటి వాళ్ల కేసుల్లో గుర్తింపునో, లైంగికతనో మార్చేలా కౌన్సెలింగ్‌కు పంపకూడదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్టులే పంపకూడనప్పుడు పోలీస్ స్టేషన్లు పంపడం ఏమిటి?

నెల రోజులు చూస్తాం. ఆ తర్వాత మా దగ్గర ఉన్న మందు చీటీలు, బిల్లులు, కౌన్సెలింగ్ రసీదులు రాష్ట్ర వైద్య మండలికీ, మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకూ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ ఇస్తాం. ఎవరినీ బజారుకు ఈడ్చాలని కాదు. మా పిల్లల విషయంలో మీరు మా వైపు నిలబడితే మాకు ఆ అవసరమే రాదు.

ఈ లేఖ ఎవరికీ తెలియకుండా ఫోన్ వెలుతురు తగ్గించుకుని చదువుతున్న వాళ్లు ఉంటారు. మీకు ఒక్క మాట. గే అయినందుకు మిమ్మల్ని మందు వేసుకోమని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు, పద్దెనిమిది దాటితే మిమ్మల్ని ఇంట్లో బంధించే హక్కూ ఎవరికీ లేదు. దిగులు భరించలేనంతగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, ఏ రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. బంధిస్తే, బలవంతపు పెళ్లి పెడితే న్యాయ సేవల నంబరు 15100 ఉంది. మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు. మీకు తెలియకుండానే మీ పక్షాన ఉన్నవాళ్లం ఈ ఊళ్లో ఉన్నాం, ఇంకా కొన్ని ఇళ్లు కలుస్తున్నాయి.

డాక్టర్లకు చివరిగా: మాకు విడిగా ఉత్తరం రాయనక్కర్లేదు. ఆ బోర్డు పెట్టండి. జ్వరానికో, నిద్ర పట్టకో, అమ్మ మోకాళ్ల నొప్పులకో మేం మీ ఆసుపత్రులకు వస్తూనే ఉంటాం, చూస్తాం.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక అక్క,
అర్జీ మీద సంతకాలు చేసిన కుటుంబాల తరఫున

ప్రతులు: రాష్ట్ర వైద్య మండలి, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ, జిల్లా కలెక్టర్, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి, నగర పోలీస్ కమిషనర్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ